కాలు వెయ్యకూడని పాట

మిగెల్ దేవదూత పండగనాడు తెల్లవారేసరికి గుడిలో ఫిదెన్సియో వయొలిన్ మోగకపోవడం ముప్పై ఒక్క ఏళ్లలో అదే మొదటిసారి. ఈ ఏడు పండగ పెద్దరికం ఎత్తుకున్న గుమారో పట్నం నుంచి బాకాల మేళాన్ని రప్పించాడు. బలిపీఠం ముందు వాళ్లే నిలబడ్డారు.

"మరి నా పాటో?" గుడి మెట్ల మీద అతన్ని ఆపి అడిగాడు ఫిదెన్సియో.

"ఎక్కడికి పోతుంది మాస్టారూ! మధ్యాహ్నం చౌకులో వేదిక మీద వాయించండి, ఎంత జనం వచ్చారో చూశారుగా. సాయంత్రం గుడి మీకే వదిలేస్తాను."

"అది వేదిక మీద వాయించేది కాదయ్యా. నీకు తెలీదూ?"

"తెలుసు లెండి. పసితనంలో పోయిన మా చెల్లి శవం ముందు వాయించింది మీరేగా. ఒక్కసారికి దూత ఏమీ అనుకోడు. వాయిస్తే గుడి, లేకపోతే లేదు."

తన నాలుగేళ్ల కూతురు నతివిదాద్ జ్వరంతో పోయిన రోజున కట్టాడు ఫిదెన్సియో ఆ పాట. బిడ్డకి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలిచిన క్రిసోఫోరో దానికి తెల్ల గౌను తొడిగి, కాగితం కిరీటం పెడుతుంటే, పక్కన నిలబడి కట్టాడు. అలాంటి పాట మీద నడుచుకుంటూ బిడ్డ పైకి వెళ్తుందంటారు. అందుకే దానికి ఎవరూ చిందెయ్యరు, చప్పట్లు కొట్టరు. వాయించేవాడు సైతం కాలితో తాళం వెయ్యడు. పోయినవాళ్లకి తలుపు తెరుచుకునేది మిగెల్ పండగనాడే కనుక, ఏటా ఆ రోజు దూత ముందు దాన్ని వాయిస్తాడు. బిడ్డకి ఇంటిదారి దొరకాలి కదా. ఈ ఏడు వాయించకపోతే?

ఇంటికెళ్లి చెబితే, బంతిపూలు గుచ్చుతున్న భార్య తొమాసా తలెత్తలేదు.

"దూతతో మాట్లాడటానికి గుమారో సెలవు కావాలా ఏమయ్యా?"

"గుడి తాళం వాడి దగ్గరుంది."

పక్కనే కూర్చున్న క్రిసోఫోరో గిటారు తీగలు బిగిస్తూ నవ్వాడు. "భయపడకు బావా. అంత నెమ్మది పాటకి ఎవడు చిందేస్తాడు? నీ ముఖం చూస్తేనే సగంమంది లేచి తమాలెలు తినడానికి పోతారు."

ఫిదెన్సియోకి ఆ మాట నమ్మాలనిపించింది. నమ్మాడు.

మధ్యాహ్నం చౌకులో మొదటి వరస వాయించేదాకా జనం నిశ్శబ్దంగానే ఉన్నారు. అప్పుడు మైకు పట్టుకున్నవాడు అరిచాడు. "మన ఊరి పాత పాట! రండి పిల్లలూ, చిందేసే చెక్క మీదికి!" కుట్టుపూల బట్టలు వేసుకున్న ఎనిమిది జంటలు ఎక్కాయి. మడమలు టకటకా పడ్డాయి. జనం చప్పట్లు అందుకున్నారు.

"ఆపెయ్ బావా," అన్నాడు క్రిసోఫోరో, తల వంచుకుని.

ఫిదెన్సియో ఆపలేదు. ఆపితే గుడి పోతుంది. జంటలు వేగం పెంచాయి. వాళ్లతోపాటు వయొలిన్ కమానూ వేగం పెంచింది. చివర్లో గుమారో వచ్చి కౌగలించుకున్నాడు. "చూశారా మాస్టారూ! చచ్చిన పాటకి ప్రాణం పోశారు!"

సాయంత్రం మాట ప్రకారం గుడి తెరిచే ఉంచాడు. బాకాలవాళ్లు తాగి పారేసిన సీసాలు గోడవార పడున్నాయి. తొమాసా బలిపీఠం ముందు పూలు పరిచి మోకరించింది. పైన మిగెల్ దూత చేతిలో మనుషుల మంచిచెడ్డలు తూచే తక్కెడ. అందులో బిడ్డ మీది ప్రేమ ఎటువైపు పడుతుంది, ఆ బిడ్డ పాటని బేరం పెట్టడం ఎటువైపు పడుతుంది? ఫిదెన్సియోకి తెలియలేదు. కమాను ఎత్తాడు.

కాసేపటికి తొమాసా చెయ్యి అతని బూటు మీద పడింది. "ఏమయ్యా, నీ కాలు."

చూసుకున్నాడు. కాలు తాళం వేస్తోంది. ఆపి, పాదాన్ని నేలకి అదిమిపెట్టి, మళ్లీ మొదలుపెట్టాడు. కాలు కదల్లేదు కానీ పాట పరిగెత్తింది. మూడోసారీ అంతే. అది ఎంత నెమ్మదిగా ఉండేదో చేతికి గుర్తు రాలేదు. గుర్తుందేమోనని క్రిసోఫోరో వైపు చూశాడు. అతను గిటారుని సంచిలో పెట్టేస్తున్నాడు.

తొమాసా లేచి, గౌను దులుపుకుంది.

"నాలుగేళ్ల పిల్లయ్యా," అంది. "అంత గబగబా నడవలేదు."