వంద మందికి వంట

పాల క్యాను కడిగేటప్పుడు మొదటి నీళ్ళు మహేశ్వరి పారబోయదు. ఖాళీ క్యానులో ఒక గ్లాసెడు నీళ్ళు పోసి, మూత బిగించి, అటూ ఇటూ నాలుగుసార్లు ఊపి, గోడలకు అంటుకున్న తెల్లదనమంతా దిగాక ఆ నీళ్ళను చిన్న గిన్నెలోకి వంచుతుంది. ఇంత చాయ్‌పత్తి, ఇంత చక్కెర వేసి మరిగిస్తుంది. అదే ఆమె చాయ్. గౌలీపురలో మూడు తరాలుగా పాలు పోస్తున్న ఇంట్లో, రెండు పూటలా ఐదు బర్రెల కింద కూర్చుని పాలు పితికే మనిషి తాగే చాయ్ అది. పక్కన నిలబడి చూసినా ఎవరికీ తెలియదు. రంగు మామూలు చాయ్‌లాగే ఉంటుంది.

మొదట్లో ఇలా లేదు. కిందటేడు దాణా ధర పెరిగిన నెలలో ఒక సాయంత్రం ఇంట్లో పంచాయితీ జరిగింది. భర్త గోవర్ధన్, మరిది అంజన్, అత్త శారదమ్మ మంచం మీద కూర్చుని మాట్లాడుకున్నారు. మహేశ్వరి వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతూ విన్నది.

"బర్రెలకు జర తక్కువేద్దామా అన్నా?" అన్నాడు అంజన్.

"తలకాయ ఉన్నదారా నీకు?" శారదమ్మ కసిరింది. "ఇయ్యాల దాణా తగ్గిస్తే రేపు పొద్దుగాలనే పాలు తగ్గుతయి. నోరులేని జీవాల పొట్ట గొడ్తవా?"

"బర్రెల జోలికొద్దు," అని గోవర్ధన్ తేల్చేశాడు. "ఇంట్ల ఖర్చే జర సూస్కోవాలె. ఏమే, ఇంటున్నవా? సూస్కో."

చూసుకుంది. ఎక్కడ చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు, ఆమే వెతుక్కుంది. గోవర్ధన్ తెల్లవారకముందే బండి మీద నలభై ఇళ్ళు తిరిగి వస్తాడు, అతని పళ్ళెం ముట్టుకోవడానికి లేదు. అత్తకు చక్కెర జబ్బు, వేళకు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. అంజన్ గడ్డిమోపులు మోసే మనిషి. కూతురు సోనీ ఇంటర్ రెండో ఏడు, చదివే పిల్ల. ఇలా ఒక్కో పళ్ళెం దగ్గరా కాసేపు ఆగి, ముందుకు జరిగి, చివరికి తన పళ్ళెం దగ్గరికి వచ్చింది. అక్కడ అడ్డం చెప్పేవాళ్ళు లేరు. ముందు కోడిగుడ్డు పోయింది. తర్వాత పెరుగు పోయింది, గిన్నెడు పెరుగమ్మితే ఆ పూట కూరగాయలు వస్తాయి కదా అని. తర్వాత గిన్నె అడుగున నిలిచే పప్పు సోనీకి పోయి, పైన తేలే నీళ్ళు తనకు మిగిలాయి. బర్రెకు తిండి తగ్గితే మరుసటి పూటకే కొలతలో దొరికిపోతుంది. తనకు తగ్గితే ఏ కొలతలోనూ తెలియదు. అందరి పనులూ అన్ని రోజుల్లాగే జరిగిపోతుంటే, తగ్గిందని ఆమెకు కూడా అనిపించలేదు.

తెలిసింది బస్తీ దవాఖానాలో. ఒక పొద్దున పాలు పితుకుతూ బర్రె పక్కనే ఒరిగిపోతే, పక్కింటి సుశీలమ్మ ఆటోలో తీసుకుపోయింది. డాక్టరమ్మ గీతాంజలి చిన్న వయసుది, సోనీకి అక్కలా ఉంటుంది. కనురెప్ప కిందికి లాగి చూసింది. తర్వాత రక్తం చీటీ చూసింది.

"ఆరున్నర ఉందమ్మా. పన్నెండు ఉండాలి. ఇట్లాగే పోతే గుండె మీద పడుతుంది. గోలీలు రాస్తున్నా, కానీ గోలీలతో సరిపోదు, తినాలి. నెల రోజుల తర్వాత మళ్ళీ చూస్తా. పెరగకపోతే పెద్ద దవాఖానాకు పంపుతా, రక్తం ఎక్కించాల్సి వస్తుంది."

వెళ్ళబోతుంటే పిలిచి, తన టిఫిన్ డబ్బాలోంచి ఉడికిన గుడ్డొకటి తీసి, కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది. మహేశ్వరి దాన్ని భద్రంగా ఇంటికి తెచ్చి సోనీకి పెట్టింది.

గోవర్ధన్ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆడోళ్ళకు రక్తం తక్కువనే ఉంటది. గోలీలిచ్చింది గద, మింగు," అన్నాడు. ఇది జరిగి ఇరవై రోజులు.

అతనికి ధరల సంగతి తెలియక కాదు. ధరల గురించి అతనంత బాగా మాట్లాడేవాడు బస్తీలోనే లేడు. సాయంత్రం పాలు పోసి వచ్చి చాయ్ హోటల్లో కూర్చుంటే, ఇదంతా ఢిల్లీ వాళ్ళ పని అనేవాళ్ళు ఒక బల్ల దగ్గర, ఇక్కడి సర్కారు పని అనేవాళ్ళు ఇంకో బల్ల దగ్గర. గోవర్ధన్ రెండు బల్లల మధ్య నిలబడి, మంచినూనె ప్యాకెట్ ఏ పండక్కి ఎంత ఉండేది, గ్యాసు బండ ఎన్నిసార్లు పెరిగింది, కందిపప్పు ఎక్కడ మొదలై ఎక్కడికి పోయింది నోటికి అప్పజెప్పేవాడు. ఆ అంకెలన్నీ మహేశ్వరివే. అన్నం తింటూ తింటూ "నూనె ఎంతైందే ఇప్పుడు?" అని అడిగి గుర్తుపెట్టుకునేవాడు. ఆమె నోట్లోంచి నిట్టూర్పుతో వచ్చిన ధర మరునాడు హోటల్లో అతనికి చప్పట్లు తెచ్చేది.

ఆ మాటలు విని పార్టీ లీడర్ దుర్గయ్య ఇంటికే వచ్చాడు.

"ఐతారం చౌరస్తాల వంటా-వార్పు పెడ్తున్నం చెల్లె, ధరల మీద. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుడు, అక్కణ్ణే కూసోని తినుడు. నూరు మంది. లెక్క నీది. నువ్వుంటే మాకు ఫికర్ లేదు."

ఉద్యమం రోజుల్లో రోడ్ల మీద అలా వండుకు తినడం ఈ ఊరికి అలవాటైంది. తర్వాత ఏ పార్టీకి కోపం వచ్చినా రోడ్డు మీద పొయ్యి వెలుగుతూనే ఉంది. కోపం ఎవరిదైనా వంట మాత్రం ఆడవాళ్ళదే. ఇక లెక్క అంటే బస్తీలో మహేశ్వరి పేరే చెబుతారు. బోనాలకైనా పెళ్ళికైనా ఆమె బియ్యం కొలిస్తే ఒక్క మెతుకు మిగలదు, ఒక్క మనిషి పస్తుండడు. ఆమెకున్న గర్వమల్లా అదొక్కటే. తల తిరుగుతోందని చెబుదామనుకుంది. లెక్క నీది అన్నాక నోరు రాలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకే చౌరస్తాలో షామియానా లేచింది. ఆరుగురు ఆడవాళ్ళు మూడు పొయ్యిల దగ్గర చేరారు. బగారన్నం, ఆలుగడ్డ కూర. బేగంబజార్ నుంచి బస్తాడు ఉల్లిగడ్డలు వచ్చాయి గానీ, సగానికి పైగా దండలు గుచ్చడానికి పోయాయి. గోవర్ధన్ మెడలో ఒకటి, అంజన్ మెడలో ఒకటి, దుర్గయ్య మెడలో రెండు.

"కూరలెయ్యవల్సిన ఉల్లిగడ్డలన్ని మెడలల్లనే ఉన్నయి," అంది సుశీలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఏం జేద్దామే మహేశ్వరి, మెడలతోని సహా తరుగుదమా?"

ఆరుగురూ నవ్వారు. పొగలో నవ్వేసరికి దగ్గొచ్చింది.

మహేశ్వరి బియ్యం కొలిచింది. దుర్గయ్య చెప్పిన నూరు మంది. బందోబస్తుకు వచ్చిన పోలీసులు ఎనిమిది మంది, వాళ్ళను దుర్గయ్య లెక్కలో వేయలేదు, ఆమె వేసింది. ఫోటోలు తీసేవాళ్ళు ముగ్గురు. బార్కస్ నుంచి మైకు సెట్టు తెచ్చిన ముసలాయన. గుడి మెట్ల మీద కూర్చునే ఇద్దరు. అందరూ గుర్తొచ్చారు. పొయ్యి ముందు వంగి లేచినప్పుడల్లా కళ్ళ ముందు నల్లని చుక్కలు తేలుతున్నాయి. గరిటె కర్రను ఆనుకుని అవి పోయేదాకా నిలబడి మళ్ళీ వంగేది.

పన్నెండు దాటాక వడ్డన మొదలైంది. అప్పుడే ఉపన్యాసాలూ మొదలయ్యాయి. అక్కచెల్లెళ్ళ వంటింటి కన్నీళ్ళు అని ఒకాయన, పేదింటి తల్లి ఆకలి అని ఇంకొకాయన. బంతి తర్వాత బంతి లేచింది. మైకు పెట్టె పక్కన నేల మీద కూర్చున్న ముసలాయనకు మహేశ్వరి పళ్ళెం అందించింది. ఆయన ముద్ద కలపకుండా తలెత్తి చూశాడు.

"తుమ్ లోగాఁ ఖాయే క్యా బేటీ?"

మీరు తిన్నారా అని ఆ రోజంతా అడిగినవాడు ఆయన ఒక్కడే. "ఖాతేఁ బాబా," తింటాంలే అని నవ్వి వెనక్కి తిరిగి అన్నం గంజు దగ్గరికి వచ్చింది. గంజు ఖాళీ. రెండో గంజు మూత తీసింది. అదీ ఖాళీ. అడుగున ఒక్క మెతుకు లేదు.

"లెక్క తప్పినవా మహేశ్వరి?" సుశీలమ్మ నమ్మలేనట్టు అడిగింది. "గిన్నేండ్లల్ల ఎన్నడు లేదు గదనే."

తప్పలేదు. ఆమె వేళ్ళ మీద మళ్ళీ చూసుకుంది. నూరు మంది, పోలీసులు, ఫోటోల వాళ్ళు, మైకు ఆయన, గుడి దగ్గరి ఇద్దరు. లెక్క మెతుకు తేడా లేకుండా సరిపోయింది. వండిన ఆరుగురే అందులో లేరు. ఆ ఆరుగురిలో తనూ ఉంది. ఇదెలా జరిగిందా అని ఆలోచిస్తే రోడ్డు మీద కాదు, ఇంట్లో తన చెయ్యి బియ్యం డబ్బాలోకి పోవడం కనిపించింది. మనిషికో గ్లాసు. ఐదుగురి ఇంట్లో రోజూ నాలుగు గ్లాసులే పోస్తోంది తను. మొదటిసారి ఎప్పుడు పోసిందో గుర్తులేదు. ఈ పూటకు సర్దుకుందాం, అందరూ తిన్నాక మిగిలింది చాలు అనుకుని ఉంటుంది. తర్వాత అనుకోవడం కూడా మానేసింది, చేతికి అలవాటైపోయింది. తను లేకుండా లెక్క సరిపోవడమే చేతికి సరైన లెక్క అయిపోయింది. ఇప్పుడా చెయ్యి తనతోపాటు ఇంకో ఐదుగురిని పస్తు పెట్టింది. ఆ ఐదుగురూ పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్ళే.

ముసలాయన తన పళ్ళెం తెచ్చి పొయ్యి గట్టున పెట్టాడు. ఎంగిలి పడని పళ్ళెం. వెనక్కి పోయి తీగలు సర్దుకున్నాడు. సుశీలమ్మ దాన్ని ఆరు ముద్దలు చేసింది. మొదటి ముద్ద మహేశ్వరి నోటి దగ్గరికి తెచ్చి, "నోరు తెరువు," అంది చిన్నపిల్లకు చెప్పినట్టు.

అది మింగేలోపే స్టేజీ మీద నుంచి పిలుపు. "ఇప్పుడు మన గోవర్ధనన్న భార్య, మన చెల్లె మహేశ్వరి, ధరల మీద రెండు ముక్కలు మాట్లాడ్తది."

గోవర్ధన్ ఎదురొచ్చి చేతిలో చీటీ పెట్టాడు. "గిది సదువు, సాలు. బయపడకు."

ఆమె మైకు ముందు నిలబడి చీటీ విప్పింది. పెరిగిన ధరల వల్ల మా ఇంటిల్లిపాదీ అర్ధాకలితో పడుకుంటున్నాము, అని ఉంది. రెండుసార్లు చూసుకుని మడిచేసింది.

"గీ చీటీల రాసింది నిజం గాదన్నా. మా ఇంట్ల అందరు అర్ధాకలితోని పండుతలేరు. మా ఆయనకు ఒక్క ముద్ద తక్కువ గాలె. మా అత్తమ్మకు గాలె, మా మరిదికి గాలె, నా బిడ్డకు గాలె. బర్రెలకు సుత తక్కువ గాలె. ధరలు పెరిగినంత నా ఒక్కదాని పళ్ళెంల తగ్గింది. ఎవరు పెంచిన్రో మీరు కొట్లాడున్రి, నాకు తెల్వది. ఏడికెల్లి తగ్గిందో నాకు తెలుసు. ఇయ్యాల వండిన ఆరుగురం తినలె. అది నా తప్పు. మమ్మల్ని లెక్కల ఏసుకునుడు నేను మర్చిపోయిన."

ముందు దుర్గయ్య చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. "విన్నరా, ఆడబిడ్డ కడుపుమంట విన్నరా," అని దుర్గయ్య మైకు అందుకున్నాడు. "పెరిగిన ధరలు" అని ఒకరు అంటే "తగ్గించాలె" అని నూరు గొంతులు. గోవర్ధన్ గొంతు అన్నిటికన్నా పైన వినిపించింది. మహేశ్వరి స్టేజీ దిగింది. పొయ్యిల దగ్గర ఐదుగురు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమెకేసి చూస్తూ నిలబడ్డారు.

సాయంత్రం పాలు పితకడం, పోయడం అయ్యి అన్నాల వేళకు గోవర్ధన్ మహా హుషారుగా ఇంటికి వచ్చాడు.

"మస్తు మాట్లాడినవే. దుర్గన్న ఫుల్ ఖుష్. సోనీ, సూపియ్యి మీ అమ్మకు."

సోనీ ఫోన్ తిప్పి చూపింది. చిన్న తెరలో మహేశ్వరి పెదవులు కదులుతున్నాయి. కింద రెండు వేల మంది మెచ్చుకున్నట్టు గుర్తులు. సోనీ తల్లి ముఖంలోకి చూడలేక ఫోన్ బోర్లా పెట్టేసింది.

"బజార్ల నిలబడి నా పళ్ళెం నీ పళ్ళెం అనుడేంది?" శారదమ్మ గొణిగింది. "మేం ఆఖర్ల తినలేదా? నాకు పెండ్లయినప్పటి సంది ఎన్నడన్న ముందుగాల తిన్ననా?" అంటూనే ఆగిపోయింది, ఆ మాట తన చెవికే కొత్తగా వినబడ్డట్టు.

"నువ్వూకోయే అమ్మా, మాటలంటే గట్లనే ఉండాలె," అన్నాడు గోవర్ధన్. "వచ్చే ఐతారం పత్తర్‌గట్టి కాడ పెద్ద మీటింగు. నువ్వు మళ్ళ మాట్లాడాలె. గదే చెప్పు, పళ్ళెంల తగ్గిందని. జర ఏడ్సినట్టు చెప్తే ఇంకా మంచిగుంటది."

మహేశ్వరి అతన్ని చూసింది. కోపం రాలేదు. ఈ మనిషి విన్నాడు, ప్రతి అక్షరం విన్నాడు, మంచి ఉపన్యాసం అనుకున్నాడు. డాక్టరమ్మ ఇచ్చిన నెలలో ఇంకా పది రోజులున్నాయి. వేల మందికి వినిపించేలా చెప్పినా ఇంట్లో వినపడని మాటను మళ్ళీ చెప్పి లాభం లేదనిపించింది.

లేచి ఐదు పళ్ళేలు పరిచింది. అన్నం గిన్నె, పప్పు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, తన పళ్ళెంలో ముందు వడ్డించుకుంది. అన్నం, అడుగు నుంచి తీసిన చిక్కటి పప్పు, పెరుగు. వాళ్ళ ముందే, గోడకు ఆనుకుని కూర్చుని, కలుపుకుని తినడం మొదలుపెట్టింది. గిన్నెలో మిగిలింది నాలుగు పళ్ళేలకు కొంచెం తక్కువే వస్తుందని చూస్తేనే తెలుస్తోంది.

"ఏందిది? గింతేనా అన్నం?" అన్నాడు గోవర్ధన్. "ఐతారం ఏం మాట్లాడ్తవో చెప్పకపోతివి."

ఆమె నోట్లో ముద్ద నమిలి మింగింది.

"నేను రాను. నాకు తక్కువయ్యేది ఇయ్యాల్టితోని బందైంది. ఇగ మీకు తక్కువైతది గద, ఐతారం నువ్వే మాట్లాడు."