ఐలవ్వ గొంతు మోసిన డబ్బా

నేను ఒక ఆడియో ఇంటర్‌ఫేస్‌ను. పేరు పలకడానికి నోరు తిరగకపోతే ఏమీ అనుకోకండి, నన్ను ఏరికోరి కొన్నవాళ్లకే తిరగలేదు. ఓదెలు నన్ను సౌండ్ కార్డు అంటాడు. అతని అక్క ఐలవ్వ డబ్బా అంటుంది. నాకు నచ్చింది డబ్బాయే, అందులో ఆర్భాటం లేదు. నా పనిలోనూ లేదు. ముందువైపు మైకు వైరు గుచ్చితే, ఆ గొంతును కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చి వెనకవైపు వైరులోంచి పంపిస్తాను. నాలో ఏదీ నిలవ ఉండదు. వచ్చింది వచ్చినట్టు సాగనంపడమే.

పుట్టింది చైనాలో ఒక ఫ్యాక్టరీలో. రేకు ఒళ్లు, మైకులకు రెండు రంధ్రాలు, హెడ్‌ఫోన్‌కు ఒకటి, తిప్పడానికి మూడు నాబ్‌లు, నొక్కడానికి రెండు బటన్లు. చివరి బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నాలోకి కుయ్‌మని ఒక చప్పుడు పంపి, అది కుయ్‌మంటూనే బయటికి రావడం చూసి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. కరెంటు వస్తోందని చెప్పడానికి నాకొక దీపం పెట్టారు. గొంతు మరీ పెద్దదైతే ఎర్రబడడానికి ఇంకొకటి పెట్టారు. అవతల కంప్యూటర్‌లో నన్నెవరూ వినడం లేదని చెప్పే దీపం మాత్రం పెట్టలేదు. అలాంటి అవసరం వస్తుందని వాళ్లకు తోచలేదు కాబోలు.

నా మొదటి యజమాని సుహాస్, హైదరాబాదులో నిజాంపేట వైపు ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంట్లోనే ఎలక్ట్రానిక్ సంగీతం చేయాలని అతని కోరిక. ఎండాకాలంలో నన్ను ఎంచడం మొదలుపెట్టి, వానలు పడేదాకా ఎంచుతూనే ఉన్నాడు. వీడియోలలో ఒకడు పనికిరాదని తీసిపారేసిన పెట్టెను ఇంకొకడు నెత్తిన పెట్టుకునేవాడు. ఇద్దరి మాటా నిజమేననిపించి సుహాస్‌కు నిద్ర పట్టేది కాదు. రెండు మైకుల పెట్టె చాలునా, నాలుగు మైకులది కావాలా అని స్నేహితులను చంపుకుతినేవాడు. ఆ ఇంట్లో ఉండేది అతనూ భార్యా. ఇద్దరిలో ఎవరూ పాడరు.

చివరికి నన్ను తెచ్చుకుని, దీపం వెలుగుతుండగా ఫొటో తీసి అందరికీ పంపాడు. మైకులో "హలో, హలో, చెక్" అన్నాడు. మర్నాటి నుంచి నాకంటే మంచిది ఏముందా అని వెతకడం మొదలుపెట్టాడు. అతన్ని తప్పుపట్టను. మనుషుల్లో చాలామందికి పాట కంటే పాటకు చేసే ఏర్పాటులోనే ఎక్కువ సుఖం. ఇంట్లో ఉయ్యాల వేసే రోజు వచ్చాక బీరువాలో జాగా చాలక నన్ను అమ్మకానికి పెట్టారు.

అప్పుడు గోదావరిఖని నుంచి ఓదెలు ఫోన్ చేశాడు. పెళ్లిళ్లకూ బోనాలకూ డీజే పెట్టడం అతని బతుకుదెరువు. బిట్ల లెక్కలూ మైకుల లెక్కలూ ఏమీ అడగలేదు. ఒక్క మాట అడిగాడు.

"మనిషి గొంతు మనిషి గొంతు లెక్కనే అస్తదా అన్నా?"

"వస్తుందండీ, క్రిస్టల్ క్లియర్‌గా" అన్నాడు సుహాస్, రోజూ అదే పనిగా రికార్డు చేసినవాడిలా. ఎప్పుడూ పరీక్షించకపోయినా అతను చెప్పింది నిజమే. ఆ మాట నిలబెట్టే భారం మాత్రం నా మీద పడింది.

ఓదెలుకు కావలసిన గొంతు ఐలవ్వది. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకింది ఆమే. చాటలో తునికాకు, తంబాకు ముందేసుకుని బీడీలు చుడుతూ పాడేది. తల్లి పాడిన పాట ఒకటి ఆమెకే వచ్చు. బొగ్గుబాయిలోకి దిగిన మొగుడి కోసం వాకిట్లో నిలబడ్డ ఆడదాని పాట. ఓదెలు ఆ పాటను తన కంప్యూటర్ దరువు మీద కూర్చోబెట్టి లోకానికి వినిపించాలని ఏళ్లుగా అనుకుంటూ, ఎప్పటికప్పుడు పెళ్లిళ్ల సీజన్ అయ్యాక చూద్దామని వాయిదా వేస్తూ వచ్చాడు. ఈలోగా ఐలవ్వ గొంతులో గడ్డ లేచింది. తీయాల్సిందే అన్నాడు కరీంనగర్ డాక్టరు. మాట పలికించే నరం ఆ గడ్డను ఆనుకునే ఉందనీ, జాగ్రత్తగానే చేస్తామనీ, మాటకు భయం లేదనీ, పాట సంగతి మాత్రం తాను చెప్పలేననీ అన్నాడు. అందుకే నన్ను ఆగమేఘాల మీద తెప్పించారు.

ఊరేగింపులో నాలుగు వీధులను అదరగొట్టే ఓదెలు నా దగ్గర మాత్రం తికమకపడ్డాడు. కొత్త మైకు పలకకపోతే అమ్మినవాణ్ణి ఒక పూటంతా తిట్టాడు. ఆ రకం మైకుకు నేనే కరెంటు పంపాలనీ, దానికి నా మీదే బటన్ ఉందనీ తర్వాత తెలిసింది. మైకు పలికాక ఇంకో చిక్కు వచ్చింది. ఐలవ్వను కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెడితే, ఆమె పాడింది కంప్యూటర్ దాకా వెళ్లి ఆలస్యంగా చెవికి చేరింది. తన వెనకాలే ఇంకో ఆడది నిలబడి ఎక్కిరిస్తున్నట్టుందని ఆమె హెడ్‌ఫోన్ తీసి పడేసింది. అప్పుడు ఓదెలు ఒక వీడియో చూసి నా రెండో బటన్ సంగతి కనిపెట్టాడు. అది నొక్కితే మైకులో పడ్డ గొంతును కంప్యూటర్‌తో పని లేకుండా నేనే నేరుగా హెడ్‌ఫోన్‌కు అందిస్తాను. తన గొంతుతోనే పరీక్షించి చూసుకుంటే ఆలస్యం మాయమైపోయింది. ఓదెలు నన్ను ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు. మా కొంప ముంచింది ఆ బటనే.

రికార్డింగుకు ముందు రోజు మంథనిలో పెళ్లి ఉంటే, నన్ను ఊడబీకి బల్ల మీద వదిలి ల్యాప్‌టాప్ ఒక్కటీ పట్టుకెళ్లాడు. అక్కడ నేను కనబడక, ల్యాప్‌టాప్ చడీచప్పుడు లేకుండా తన ఒంట్లోనే ఉన్న చిన్న మైకును చెవిగా పెట్టుకుంది. తిరిగొచ్చి నన్ను గుచ్చినా ఆ చెవి మారలేదు. నా దీపం వెలిగింది. ఓదెలు దీపాన్ని చూశాడు, తెర మీద ఎవరి పేరుందో చూడలేదు.

మధ్యాహ్నం పిల్లలు బడిలో, కాలనీ సద్దుమణిగి ఉన్న వేళ ఐలవ్వ వచ్చింది. మర్నాడే ఆసుపత్రిలో చేరాలి. ఓదెలు గదిలో గోడలకు దుప్పట్లు కట్టాడు. పంకా ఆపాడు. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్ హోరు మైకులో పడకూడదని, దానికీ ఐలవ్వకూ మధ్య దండెం కట్టి బరువైన బొంత వేలాడదీశాడు. ఎంత శ్రద్ధో చూడండి. ఆ బొంత వెనకున్న ల్యాప్‌టాపే ఆమె పాట వింటోందని అతనికి తెలియదు. నాకు తెలుసు. తెలిసి ఏం చేయను?

దరువుతో పాటు పాడమంటే ఐలవ్వ ఒప్పుకోలేదు.

"గా డుబుడుబు నాకద్దు. నా పాట నన్ను పాడుకోనియ్యి. అది నువ్వు నా పాటయినంక ఏసుకో."

హెడ్‌ఫోన్ కూడా వద్దంది. దాన్ని ఓదెలు పెట్టుకున్నాడు. ఐలవ్వ చీర కొంగు సర్దుకుని, గొంతు మీద గడ్డను ఒకసారి తడుముకుని, పాట ఎత్తుకుంది.

"సైరను కూసిపాయె, సల్లారె నా కూర..."

ఆ గొంతు గురించి నేను చెప్పబోతే తక్కువే అవుతుంది. కింద స్థాయిలో గరుకుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, తెగుతుందేమో అనుకునే చోట తెగకుండా నిలబడేది. పదం చివర ఊపిరి వదలడం కూడా పాటలో భాగంగా ఉండేది. అదంతా నాలోంచి వెళ్లింది. ఆ రెండో బటన్ నొక్కే ఉంది కాబట్టి, ఓదెలు చెవులకు నేరుగా, పొల్లుపోకుండా అందించాను. అతను కళ్లు మూసుకుని ఏడుస్తున్నాడు. డీజే పెట్టేవాళ్లు చెవిని నమ్ముతారు. హెడ్‌ఫోన్‌లో బాగుంటే అంతా బాగున్నట్టే. తెర మీద గీతలు కూడా ఎగిరిపడుతున్నాయి, బొంత చాటు నుంచి ల్యాప్‌టాప్ కూడా ఎంతో కొంత వింటోంది కదా. వెనకవైపు వైరులోకి నేను తోసిన ప్రతి అంకె అవతల మూసిన తలుపుకు తగిలి రాలిపోయింది. నా ఎర్రదీపమైనా వెలిగి ఉంటే అతను ఉలిక్కిపడి తెర వంక చూసేవాడేమో. గొంతు అంత చక్కగా అమరింది, దీపం ఒక్కసారి కూడా ఎర్రబడలేదు.

పాట అయిపోయింది. ఐలవ్వ చెంగుతో ముఖం తుడుచుకుంది.

"అచ్చిందారా?"

"అచ్చిందక్కా. అద్దంల సూసినట్టు అచ్చింది. ఇంటవా?"

వేలు మీట మీదికి వెళ్లింది. ఆ ఒక్క నొక్కు నొక్కి ఉంటే చాలు, తప్పు తేలిపోయేది, ఆమె మళ్లీ పాడేది. ఐలవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే ఇనద్దు. నేను మల్లచ్చినంక ఇందాం. గొంతు ఉండంగనే గొంతు దాసుకొని ఇంటె, మనిషి ఉండంగనే ఫొటోకు దండేసినట్టయితది. నా మీద ఒట్టెయ్యి."

ఓదెలు ఒట్టేశాడు. మనుషులు రోజూ బోలెడు ఒట్లు వేస్తారు, సాయంత్రానికి మర్చిపోతారు. ఈ మహానుభావుడు ఈ ఒక్కదాన్నీ నిలబెట్టుకున్నాడు. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ గదిలోకి వచ్చి, ల్యాప్‌టాప్ వంక చూసి, నా మీద దుమ్ము తుడిచి వెళ్లిపోయేవాడు. నన్ను తయారుచేసి నాకు గొంతు ఇవ్వనివాడి మీద నాకు కోపం వచ్చింది అప్పుడే.

ఐలవ్వ మెడకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. మాటలో గాలి ఎక్కువ, పలుకు తక్కువ. మెల్లగా కొంత తిరిగి రావచ్చని డాక్టరు చెప్పాడట. కాస్త కోలుకున్నాక ఒక పొద్దున తమ్ముడి గదికి వచ్చి, ఇప్పుడు పెట్టమని సైగ చేసింది. ముందు అక్కే వినాలని ఓదెలు హెడ్‌ఫోన్ ఆమె చెవులకు తొడిగాడు. ల్యాప్‌టాప్ వినే చెవి మారినా, శబ్దం బయటికి వెళ్లే దారి నా మీదుగానే ఉంది. కాబట్టి ల్యాప్‌టాప్ దాచుకున్నదేమిటో మొదట తెలిసింది నాకే. ఫ్యాన్ హోరు. దాని వెనక, నీళ్లలో మునిగి పిలుస్తున్నట్టు, ఎవరిదో ఒక గొంతు. పైకి వెళ్లిన చోట పగిలిపోయింది. ఊపిరి అసలే లేదు. ఆపలేను, మార్చలేను. ఆ హోరును నేనే మోసుకెళ్లి ఆమె చెవుల్లో పోశాను.

ఐలవ్వ చివరిదాకా విన్నది. ఆలస్యంగా చెవిన పడ్డ ఆ ముక్క తప్ప, తన గొంతును తాను ఎన్నడూ వినని మనిషి. హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నా గొంతు గింతేనారా? అందరు మంచిగ పాడ్తవంటే నిజమే అనుకున్న."

ఓదెలు హెడ్‌ఫోన్ లాక్కుని విన్నాడు. గబగబా సెట్టింగులు తెరిచి చూశాడు. నా పేరు ఉండాల్సిన చోట ల్యాప్‌టాప్ మైకు పేరు కనబడింది. నేల మీద చతికిలబడి, ఇది నీ గొంతు కాదక్కా, తప్పు నాది, ఈ డబ్బా లోపలి నుంచి పాట రానేలేదు అని చెప్పుకుంటూ పోయాడు. ఐలవ్వ నమ్మలేదు. తనను ఓదార్చడానికి అంటున్నాడనుకుంది. నా మీద చెయ్యి వేసింది.

"పాపం, దీని మీదెందుకు వెడ్తవ్‌రా? ఇది ఇన్నదే చెప్పింది."

నేను విన్నది అది కాదు తల్లీ అని అరవాలనిపించింది. అరవడానికి నాకు ఎవరో ఒకరి గొంతు కావాలి.

ఓదెలు ఆ రికార్డింగును కడిగి బాగుచేయాలని చూశాడు. హోరు తీస్తే గొంతు రేకు డబ్బాలా మోగింది. ఫోన్లో పాత వీడియోలన్నీ వెతికాడు. బతుకమ్మ ఆటల్లో అంతమంది చప్పట్ల మధ్య అక్క గొంతు ఏదో విడదీయలేకపోయాడు. ఐలవ్వ బీడీలు చుడుతూనే ఉంది, పాడడం మాత్రం మానేసింది. గొంతు కొంత కోలుకున్నాక కూడా పాడలేదు. ఆపరేషన్ చేసినవాడు పాటలో కొంతే తీసుకున్నాడు. మిగిలింది మేమిద్దరం తీసుకున్నాం, ల్యాప్‌టాపూ నేనూ.

చలికాలంలో ఒకనాడు ఓదెలు ఏదో పెళ్లి ప్రకటన రికార్డు చేయడానికి నన్ను సిద్ధం చేశాడు. ఇప్పుడతనికి కొత్త అలవాటు, ముందు తెర మీద నా పేరు చదువుతాడు, తర్వాత గోటితో మైకును తడతాడు. అంతా అయ్యాక వాకిట్లో ఎవరో పిలిస్తే వెళ్లాడు. ఐలవ్వ చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి, హెడ్‌ఫోన్ చూసింది. ఎందుకో పెట్టుకుంది. గొంతు సవరించుకుంది. ఆ సవరింపు పెద్దగా, స్పష్టంగా చెవుల్లో వినబడేసరికి ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. నా రెండో బటన్ నొక్కే ఉంది. అప్పుడు లోగొంతుకతో ఎత్తుకుంది, సైరను కూసిపాయె.

కింద స్థాయి ఉంది. పైకి వెళ్లే చోట గాలి తప్ప ఏమీ లేదు. సన్నగా నిలబడే ఆ తీగ లేనే లేదు. ఉన్నది ఉన్నట్టు ఆమెకు అందించాను, నాకు చేతనైంది అదొక్కటే. ఐలవ్వ కళ్లు పెద్దవయ్యాయి. పాట విని గుమ్మంలోకి వచ్చిన ఓదెలును చూసి, చాలా కాలం తర్వాత నవ్వింది.

"ఆపరేషన్‌తోని నయమైనట్టున్నదిరా నా గొంతు. అప్పటికంటె మంచిగున్నది. ఇప్పుడు పట్టు."

ఓదెలు నా వంక చూశాడు. ఆ మధ్యాహ్నం ఆమె పాడింది విన్నవాళ్లం లోకంలో మేమిద్దరమే. ఒట్టు తప్పని మనిషి ఆమె చెవుల మీద హెడ్‌ఫోన్ సరిచేశాడు.

"అవునక్కా" అన్నాడు.

తెర మీద నా పేరు చదివి, గోటితో మైకును తట్టి, ఎర్ర మీట నొక్కాడు. ఐలవ్వ కొంగు సర్దుకుని కూర్చుంది. ఈసారి అవతలి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె ఇచ్చినదంతా, ఒక్క ఊపిరి కూడా పోకుండా, పంపించాను.