ఏడవనివ్వని బడి

జూడీ మేడమ్ నవ్వు చూస్తే ప్రేమావతికి వెగటు పుట్టేది. ఫోను పైకెత్తగానే వెలిగి, దించగానే ఆరిపోయే నవ్వు. దీవిలోని జంగ్లీఘాట్ చేపలరేవు దగ్గర ఆ చిన్నపిల్లల బడికి ఆవిడ యజమానురాలు, ప్రేమావతి టీచరు. ఆదివారం తెలుగు చర్చిలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. ఏం చేస్తాం, ఖర్మ!

బడి గోడ మీద నాలుగు అట్టమొహాలుండేవి. నవ్వేది, ఏడ్చేది, కోపగించేది, భయపడేది. పొద్దున్న రాగానే ప్రతి పిల్లా తన ఫొటోను ఏదో ఒక మొహం కింద అంటించాలి. మనసులో ఉన్నది బయటికి చెప్పడం పసివాళ్లకు అలా అలవాటవుతుందని ప్రేమావతి పట్టుబట్టి పెట్టించింది.

నాలుగేళ్ల చిట్టితల్లి మాత్రం రోజూ నవ్వే మొహం కిందే అంటించి, వెళ్లి బల్ల కింద దూరేది. ఎవరితోనూ ఆడేది కాదు. ఇదేం చోద్యమని ప్రేమావతి ఆ పిల్ల తల్లి గురమ్మను పిలిపించి అడిగింది.

"ఈల్ల నాన్న ఏటకెలితే నాలుగైదు రోజులు రాడు దీదీ. బోటు నీల మీదుండగా ఇంట్లో కన్నీరెట్టకూడదు. మా అత్తోరి కాణ్నుంచీ అంతే. ఇది ఏడుపు మొదలెడితే నేనే ఆపేత్తాను. ఏటి సెయ్యను, డర్ లగ్తా హై."

ఆ భయాన్ని ప్రేమావతి తప్పుపట్టలేకపోయింది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇది ఇల్లు కాదు కదమ్మా. ఇక్కడ ఏడిస్తే బోటుకేం కాదు" అని రోజూ చెప్పింది. నెల పట్టింది. ఒకనాడు చిట్టితల్లి తన ఫొటోను ఏడ్చే మొహం కింద అంటించి, టీచరు ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని లేచి, మొట్టమొదటిసారి తోటిపిల్లాడు ఫ్రెడ్డీ పక్కన కూర్చుని ఇసుకతో ఇడ్లీలు పోసింది. ఆ రాత్రి ప్రేమావతికి అన్నం సయించింది.

శుక్రవారం నాడు బడికి విరాళాలిచ్చే పెద్దలు వచ్చారు. చిట్టితల్లి నాన్న నూకన్న వేటకెళ్లి అప్పటికి మూడు రోజులు. ఏడ్చే మొహం కింద ఆ పిల్ల ఫొటో ఒక్కటే ఉంది. జూడీ మేడమ్ కంట పడనే పడింది.

"యే క్యా హై, ప్రేమా? మన దగ్గర పిల్లలు ఏడుస్తారనుకోరూ వాళ్లు?" అంటూ ఫొటో పీకి నవ్వే మొహం కింద అతికించింది. చిట్టితల్లి కళ్లలోంచి నీళ్లు జారాయి. "జల్దీ నవ్వించు. నీ మాటైతే వింటుంది."

ప్రేమావతి పెద్దల వైపు చూసింది. వంగి, "నవ్వమ్మా, ఒక్కసారి. అందరూ చూస్తున్నారు" అంది.

పిల్ల ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఒకాయన సమోసా నూనె వేళ్లతోనే ఆ బుగ్గ గిల్లి, "వెరీ హ్యాపీ చైల్డ్!" అన్నాడు. జూడీ మేడమ్ ఫోను ఎత్తింది, ఎక్కడ లేని వెలుగూ మొహంలోకి వచ్చింది. ఛీ! వాళ్లందరి కంటే ప్రేమావతికి తనమీద తనకే ఎక్కువ రోత పుట్టింది. కొళాయి దగ్గరికెళ్లి ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ మాట నోట్లోంచి పోలేదు.

సోమవారానికీ నూకన్న బోటు తిరిగి రాలేదు. సముద్రం బాగోలేదని రేవులో అనుకుంటున్నారు. చిట్టితల్లి వచ్చి తన ఫొటోను తిన్నగా నవ్వే మొహం కింద అంటించింది. ప్రేమావతి గబగబా వెళ్లి పిల్లను ఎత్తుకుని పక్కగదిలో ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఇవాళ మేడమ్ రాలేదు. ఎవరూ చూడరు. ఏడవాలనుంటే ఏడువు, నా తల్లీ."

చిట్టితల్లి గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"ఒద్దు టీచర్. ఇక్కడ కూడా ఏడకూడదు. నువ్వే నవ్వమన్నావు కదా. ఆరోజు నేను ముందు ఏడిసేసేను, అందుకే నాన్న రానేదు."

నవ్వుతూనే ఒళ్లోంచి దిగి వెళ్లిపోయింది.