నా కంట్లో నలుసు

నేను ఒక కెమెరాని. చూడడం తప్ప మరో పని రాదు. చూసినదాంట్లో తప్పుంటే చెప్పడానికి నోరు లేదు. ఆ రెండో సంగతి వల్లే అనకాపల్లిలో ఒకసారి నలుగురి మధ్య తలెత్తుకోలేకపోయాను. కెమెరాకి తల ఎక్కడిదని అడగకండి. మెడలో వేసుకునే పట్టీ ఉన్నప్పుడు తల కూడా ఉన్నట్టే.

సముద్రాల అవతల ఒక కర్మాగారంలో పుట్టాను. అక్కడి మనుషులు తల నుంచి పాదాల దాకా తెల్లటి తొడుగులు వేసుకుని, తుమ్ము వస్తే బయటికి వెళ్ళి తుమ్మి వచ్చేవారు. నా లోపల ఒక్క ధూళి రేణువు కూడా పడకూడదని వాళ్ళ తపన. అంత మడిగా పుట్టిన నేను మొదట చేరింది గనిరాజు అనే పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు చేతికి. నాలుగేళ్ళు అక్షింతలు, హోమం పొగ, సాంబారు ఆవిరి. అప్పటిదాకా ముందు వరస కుర్చీ కోసం మాటామాటా అనుకున్న తోడల్లుళ్ళు నా ముందుకు రాగానే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకునేవారు. నేను నమ్మినట్టే తీసేదాన్ని.

గనిరాజు నాతో తీసిన ఆఖరి పెళ్ళి తనూజది. తలంబ్రాలు పోసుకుంటూ కూడా ఆ పిల్ల పెళ్ళికొడుకుని వదిలేసి నన్ను చూస్తోంది. ఏ మీట నొక్కితే ఏమవుతుందో దూరం నుంచే నేర్చుకుంటోంది. పెళ్ళికొడుకు నరేన్ అది కనిపెట్టాడు. గనిరాజు ఎలాగూ కొత్త కెమెరా కొనుక్కుంటున్నాడని తెలిసి అడిగాడు. పదహారు రోజుల పండగ నాటికి నేను తనూజ ఒళ్ళో ఉన్నాను.

"పెళ్ళిలో నా కంటే దీన్నే ఎక్కువ చూశావు. ఇద్దరినీ ఏలుకో," అన్నాడు నరేన్.

ఆమె ఆనందాలన్నీ చిన్నవి. గాజు గ్లాసులో టీ మీద మీగడ ముడత, తడి గచ్చు మీద కిటికీ ఊచల నీడ, నరేన్ దువ్వుకోని జుట్టు. అన్నీ నాలో దాచుకునేది. కానీ అత్తవారి వీధిలో ఆమెకి పేరు లేదు. అందరికీ "మేడింటి కొత్త కోడలు" అంతే. ఎమ్మెస్సీ చదివిన పిల్లకి అది లోపల గుచ్చుకునేది. నవ్వేసి ఊరుకునేది.

ఒక ఆదివారం ఇద్దరూ నరేన్ మేనత్త ఇంటికి భోజనానికి వెళ్ళారు. పెట్టిన బట్టలు కట్టుకునే గడప దాటాలని ఆవిడ పట్టుబట్టింది. నరేన్ అంచులకి పసుపు రాసిన కొత్త పంచె, కండువాలతో బయటపడ్డాడు. దారిలో కొండకర్ల ఆవ సరస్సు కనిపించగానే తనూజ బండి ఆపించింది. అంత పెద్ద నీటి మధ్య రెండు తాటిమానులు కలిపి కట్టిన దోనెలో, పెళ్ళివారిలా ముస్తాబై కూర్చున్నారు. గెడతో దోనె నడిపే ఎర్రునాయుడు ఇద్దరినీ చూసి మీసంలో నవ్వుకున్నాడు.

ఆమెకి ఒడ్డు వద్దు, ఆకాశం వద్దు. నీళ్ళలో పడ్డ చెట్ల నీడలు మాత్రమే కావాలి.

"అక్కడ నిటారుగా నిలబడ్డ చెట్టుని వదిలేసి, ఈ వంకరదాన్ని ఎందుకు తీస్తావు?" అన్నాడు నరేన్.

"నిటారుది నువ్వు కూడా చూడగలవు కాబట్టి."

నీళ్ళు మరీ నిలకడగా ఉంటే అద్దంలా ఉంటుంది, అది వద్దంటుంది. మరీ కదిలితే ముద్ద అయిపోతుంది. అందుకని, "బాబాయ్, గెడ ఒక్కసారి ముంచి ఎత్తెయ్," అని అడిగేది. ఎర్రునాయుడు ముంచేవాడు. అలలు సాగి సాగి సన్నబడుతున్నప్పుడు ముగ్గురూ ఊపిరి బిగబట్టేవారు. నీళ్ళలోని తాటిచెట్ల నీడలు ముక్కలై, ముక్కలు మళ్ళీ అతుక్కుంటూ, తడిసిన పోచంపల్లి చీర అంచులా అయ్యేవి. అవి చెట్లని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

మధ్యలో నా లెన్సు మార్చాలనుకుంది. గాలి వీస్తోంది. దుమ్ము పడుతుందని నరేన్ ప్రేమగా తన కొత్త కండువా నా మీద గొడుగులా పట్టాడు. ఆ ప్రేమలోంచే ఒక దారప్పోగు రాలి, తెరిచి ఉన్న నా లోపలికి దిగి, నా కంటి వెనక పొర మీద రెక్కల్లా వంగి కూర్చుంది. నాకు తెలిసింది. వాళ్ళకి తెలియలేదు.

ఆ మధ్యాహ్నం తీసిన వాటిలో ఆఖరిది, లెన్సు మార్చాక తీసిన ఒక్కటి, ఊళ్ళోని ఫొటోల పోటీకి వెళ్ళింది. న్యాయనిర్ణేత సోమేశ్వరరావు గారు, రిటైరైన డ్రాయింగు మాస్టారు. మొదటి బహుమతి ప్రకటిస్తూ ఆ ఫొటో ముందు చాలాసేపు మాట్లాడారు. "చెట్లన్నీ చెదిరిపోయాయి. వాటి మధ్య ఒక్క పక్షి మాత్రం చెదరకుండా ఎగురుతోంది. ఆ పక్షే లేకపోతే ఇందులో ఏముంది?" అన్నారు. చప్పట్లు మోగాయి.

ఆ పక్షి నాలోని దారప్పోగు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకా సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, ఆ చప్పట్లలో కాసేపు నాక్కూడా అది పక్షే అనిపించింది. హాయిగా కూడా అనిపించింది.

తనూజ కూడా నమ్మింది. తీసేటప్పుడు తను గమనించని పక్షి వచ్చిపడిందని మురిసిపోయింది. మర్నాటి నుంచి వీధిలో "తనూజ గారూ" అన్నారు. అత్తగారు కూరగాయల బండి దగ్గర, "మా తనూజ తీసిందే, పేపర్లో కూడా వేశారు," అని చెప్పుకుంది.

పోటీ ఫొటోల ప్రదర్శన ఇంకా నాలుగు రోజులుంది. తనూజ ఒక ప్రింటు పట్టుకుని ఎర్రునాయుడికి ఇవ్వడానికి వెళ్ళింది. అతను దాన్ని దగ్గరగా, దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏటమ్మా ఈ పిట్ట?"

"ఆ రోజు ఎగిరింది కదా బాబాయ్."

"గెడ ముంచింది నానే కదేటమ్మా. నీల్లు కదిలాయి, మానులు కదిలాయి. ఈ పిట్ట ఒక్కటీ కదల్నేదేటి? నీల్లలో పడ్డ పిట్టయితే ఇదీ ఊగాల."

తనూజ ఇంటికి వచ్చి సున్నం వేసిన గోడని తీసింది. గోడ మీద పక్షి. మిట్టమధ్యాహ్నపు ఆకాశాన్ని తీసింది. అక్కడా అదే మూల అదే పక్షి. పెరట్లో ఎండలో వడియాలు పెడుతున్న అత్తగారిని తీస్తే, ఆవిడ చెంప మీద వాలి ఉంది.

నరేన్ ఒక్కొక్కటే చూసి, "నేరం నా కండువాదే," అన్నాడు. నవ్వించాలని చూశాడు. ఆమె నవ్వలేదు.

"వెళ్ళి చెప్పేస్తాను."

"ఎవరికి తెలుసు తనూ? ఎర్రునాయుడికి తెలుసు. ఆయన ఎవరికి చెప్తాడు, చేపలకా?"

"చెబితే మళ్ళీ కొత్త కోడలు అయిపోతాను, అంతేగా."

"అంతకంటే కనాకష్టం. పిట్ట కోడలు అంటారు."

అప్పుడు నవ్వింది. కళ్ళలో నీళ్ళున్నాయి. నవ్వుతూనే నన్ను భుజానికి తగిలించుకుంది.

మాస్టారు ఆమె మాట పూర్తిగా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, ఆ పిట్ట గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? వదిలెయ్యకూడదూ?" అన్నారు. ఆయనా నేనూ ఒకరినొకరు చూసుకోలేకపోయాం.

"మీ మాట కాదు మాస్టారూ, నా ఫొటో తప్పు," అంది తనూజ.

బహుమతి రెండో స్థానంలో ఉన్న బెల్లం పొయ్యిల ఫొటోకి వెళ్ళింది. తన ఫొటోని మాత్రం ఆమె దింపనివ్వలేదు. కింద కాగితం మీద సొంత చేత్తో రాసి అంటించింది: "ఇందులో పక్షి లేదు. అది నా కెమెరా లోపల పడ్డ దారప్పోగు. మిగిలినవన్నీ ఆవలో చెట్లు."

ఆ తర్వాత ఆ ఫొటో ముందే జనం ఎక్కువ. చెట్లను చూడడానికి కాదు, దారాన్ని చూడడానికి. "ఏదీ, ఏదీ" అంటూ వేలు పెట్టి చూపించుకుని నవ్వేవారు. నరేన్ చెప్పినంతా అయింది. "పిట్ట కోడలొచ్చింది" అని ఎవరో అన్నారు. అత్తగారు కూరగాయల బండికి వెళ్ళే వేళ మార్చుకుంది. తనూజ భుజాన వేలాడుతూ అన్నీ విన్నాను. పెళ్ళిళ్ళలో ఎన్ని అబద్ధపు నవ్వులు తీసినా నాకు ఇంత సిగ్గు కలగలేదు. అవి వాళ్ళ అబద్ధాలు. ఇది నాది.

ఆఖరి రోజు సాయంత్రం, హాలు ఖాళీ అవుతుండగా ఎర్రునాయుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చదువు రాదు కాబట్టి కాగితం వంక చూడలేదు. నేరుగా ఫొటో దగ్గరికి వెళ్ళి, గెడ పట్టి కాయలు కాసిన బొటనవేలిని ఆ పక్షి మీద ఆనించి కప్పేశాడు. అలాగే పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేనమ్మా. నాను గెడ ఎత్తినాక, నీల్లు సర్దుకోకముందు. అచ్చం ఇలాగే ఉండింది," అన్నాడు.

తనూజ వెళ్ళి అతని పక్కన నిలబడింది. బహుమతి నాడు కూడా ఆమె మొహం అలా వెలగలేదు. నా సిగ్గంతా ఆ బొటనవేలి కిందే ఉంది. దాని చుట్టూ ఉన్నవన్నీ ఆ మధ్యాహ్నం నేను నిజంగా చూసినవి.