మంద దిగిన ఫోటో

తాండూరు బస్టాండులో నేను కంట్రోలర్ని. బస్సులను ఆపగలను, నా నోటిని ఆపలేను. అలాంటి నాకు యాభై దగ్గర పడ్డాక లాంగ్ ఎక్స్‌పోజర్ ఫోటోల పిచ్చి పట్టింది. కెమెరా కన్ను రెప్ప వేయకుండా చాలాసేపు తెరిచి ఉంచితే, కదలనివి ఫోటోలో నిలుస్తాయి, కదిలేవి పొగలా కరిగిపోతాయి. వికారాబాద్‌లో ఫోటో స్టూడియో నడిపే శ్రీకాంత్ తన పాత కెమెరా నాకు అమ్ముతూ ఈ ముక్క చెప్పి, మూడు కాళ్ల స్టాండు కూడా అంటగట్టాడు. దాన్ని ట్రైపాడ్ అని ఎందుకంటారో మొదటి వారంలోనే తెలిసింది. ట్రై చేసేది నేను, పాడయ్యేది ఫోటో, ఎక్స్‌పోజ్ అయ్యేది నా అజ్ఞానం. మా ఆవిడ దేవిక మాత్రం, నన్ను మాట్లాడకుండా ఒకచోట నిలబెట్టిన వస్తువు లోకంలో ఇదొక్కటేనని ఆ స్టాండుకు బొట్టు పెట్టింది.

డ్యూటీ దిగాక కరణ్‌కోట దారిలో, రాయి తీసి వదిలేసిన ఒక గుంత దగ్గరికి పోయేవాణ్ణి. నిండా వాన నీళ్లు. ఆ నీళ్లను ఫోటోలో అద్దంలా చేయాలని నా తాపత్రయం. బిచ్చయ్య పరిచయమైంది అక్కడే. సాయంత్రం గొర్రెలను నీళ్లకు తోలుకొచ్చేవాడు, వెనక ఆయన భార్య బుగ్గమ్మ. నా స్టాండును చూసి, ఈ మూడు కాళ్ల జీవం ఏం మేస్తుందని అడిగాడు. వెలుతురు మేస్తుందన్నాను. అయితే పొద్దు గూకితే పస్తేనన్నమాట అన్నాడు. ఆ మాటతో మాకు దోస్తీ కుదిరింది.

ఒక సాయంత్రం ఆయన నవ్వలేదు. మందనంతా అమ్మేశానని చెప్పాడు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, మేపుకునే బీడు మీద రాళ్ల కుప్పలు లేచాయి. బషీరాబాద్ అవతల నుంచి కన్నడం మాట్లాడే బేరగాడు తెల్లారేసరికి బండి తెస్తాడు. అందుకే మందతో కలిసి ఒక ఫోటో కావాలి, గోడకు తగిలించుకునేంత పెద్దది.

"మా పెండ్లి ఫోటోనె లేదు సారూ," అంది బుగ్గమ్మ. "గొర్లతోని మాత్రం దిగాల్నంట."

"నువ్వు నిలవడ్తవా ఒక్క కాడ?" అన్నాడు బిచ్చయ్య.

పొద్దు వాలింది. ఆ కాస్త వెలుతురులో ఫోటో తీయడానికి నాకు తెలిసిన దారి ఒకటే, కన్ను ఎక్కువసేపు తెరవడం. బిచ్చయ్యను మంద నడుమ నిలబెట్టాను. కర్ర మీద గడ్డం ఆనించి, ఊపిరి బిగబట్టి రాయిలా నిలిచాడు. తీసి, తెర మీద చూపించాను.

బిచ్చయ్య నిండుగా దిగాడు, భుజం మీది గొంగడి పోగులతో సహా. గొర్రెలు లేవు. ఆయన మోకాళ్ల చుట్టూ నల్లటి పొగ పాకుతున్నట్టుంది. మంద కాస్తా మందగించిందనబోయి, ఆయన ముఖం చూసి ఆ మాట మింగేశాను.

బిచ్చయ్య తెర మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు జరుపుతూ వెతికాడు.

"నా గొర్లేవి సారూ?"

కదిలితే దిగవని చెప్పాను. మళ్లీ తీశాను. పొగ చోటు మారింది, అంతే. ఆకాశంలో ఎరుపు కూడా వదిలిపోతోంది. ఇంకొక్క ఫోటోకు సరిపోతుందేమో.

బిచ్చయ్య మంద వైపు, కెమెరా వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత మందలోంచి నడిచొచ్చి నా పక్కన నిలబడ్డాడు. నడుమ ఉండి పిలిస్తే మీద పడి ముసురుకుంటాయట. దూరం నుంచి ఒక్కసారి పిలిస్తే తలలెత్తి ఆగుతాయి, రెండో పిలుపు వినేదాకా అడుగు కదపవు. ఈసారి వాటినే తీయమన్నాడు.

"నువ్వు లేకుంటె అదేం ఫోటో?" అంది బుగ్గమ్మ.

"నేను యాడికి పోతనే? ఇంట్లనె ఉంట. పొయ్యేటియి అవి."



ఆయన నాలుక మడిచి ఒక్క కూత పెట్టాడు. గడ్డిలోని తలలన్నీ లేచాయి. బటన్ నొక్కాను. ఒక్క చెవి ఆడలేదు, ఒక్క తోక కదల్లేదు. మంద మొత్తం బిచ్చయ్యనే చూస్తోంది. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది అప్పుడే.

కెమెరా కన్ను మూసుకుంది. ప్రతి ముఖమూ దిగింది. ఫోటో వచ్చింది, బిచ్చయ్యా అని తెర ఆయన వైపు తిప్పాను. ఆయన తెర చూడలేదు. చీకటి ముసురుకుంటోంది, ఇంటికి తోలుకుపోవాలి. గొర్రెలు మాత్రం రెండో పిలుపు కోసం తలలెత్తి అలాగే ఉన్నాయి.

"పిలువు," అంది బుగ్గమ్మ మెల్లగా. "ఎంతసేపని నిలవడ్తయి?"

బిచ్చయ్య పెదాలు తడుపుకున్నాడు. కూత రాలేదు. కర్రను నా స్టాండుకు ఆనించి, తనే మందలోకి నడిచిపోయాడు.