డచ్చి ప్రొఫెసరుగారిని ఆరా తీసిన రోజు

లోకమంతా కంప్యూటర్ ఉద్యోగాలకు ఎగబడుతుంటే, చేతిలో ఉన్నదాన్ని వదిలేస్తానంటోంది ఉమ. సింగపూర్ తంజోంగ్ పగార్‌లో బ్యాంకు ఉద్యోగం మానేసి, హెండ్రిక్ అనే డచ్చి ప్రొఫెసరు దగ్గర ప్రధాన సంఖ్యల మీద పరిశోధన చేస్తుందట. ఆ మాట విన్నప్పటి నుంచి వాళ్ళమ్మ సత్యవాణికి ముద్ద దిగడం లేదు. అంకెల్లో పడ్డవాళ్ళకు పిచ్చెక్కుతుందని ఎవరో అనగా విన్నది. ఆ మనిషిని కళ్ళారా చూస్తేగాని ఒప్పుకోనని, ఆదివారం ఆయన్ను టోవా పాయోలోని తమ ఫ్లాటుకు భోజనానికి పిలిపించింది.

తాటిచెట్టంత మనిషి. గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చాడు. చొక్కా బొత్తాలు సరిగ్గానే ఉన్నాయి. పప్పుచారు అడిగి మరీ మళ్ళీ పోయించుకున్నాడు. పిచ్చివాడు ఇంత రుచి తెలిసి తినడులే అని ఆవిడ కాస్త కుదుటపడింది. అయినా వదల్లేదు.

"అమ్మానాన్నలేం చేస్తారో అడుగు. వాళ్ళింట్లో ఎవరికైనా మతి చలించిందేమో అదీ అడుగు."

"అమ్మా! ఇవేమన్నా పెళ్ళిచూపులా?"

"అడగవే!"

ఉమ సిగ్గుతో చచ్చిపోతూ ఇంగ్లీషులో అడిగింది. ఆయన పగలబడి నవ్వి చెప్పుకొచ్చాడు. ఉమ తెలుగులో అందించింది. తండ్రిది రొట్టెల కొట్టు. అది చూసుకోక ఈ లెక్కలేమిటని తల్లి ఒకటే గోల. కుర్రతనంలోనే ఏదో పెద్ద సిద్ధాంతం నిరూపించానని ప్రకటించాడు. అందరూ మెచ్చుకున్నాక, అందులో తప్పు తనకే కనబడింది. నిండు సభలో లేచి ఆ మాట తనే చెప్పేశాడు. ఆ తప్పు ఎందుకొచ్చిందా అని తవ్వుకుంటూ పోతే కొత్త దారి దొరికింది. ఉమ చేయబోయే పని కూడా ఆ దారిలోదే.

సత్యవాణి ముక్కున వేలేసుకుంది. నలుగురిలో తప్పు ఒప్పుకోవడమే!

"ఆ రాత్రి నిద్రెలా పట్టింది బాబూ?"

ఉమ ఇంగ్లీషులో చెప్పగానే ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "నాకు బాగానే పట్టిందండీ. మా అమ్మకే పట్టలేదు."

"మరిప్పుడో?"

"ఇప్పటికీ అంతే. మొన్న ఫోన్ చేసి, బయటికెళ్ళేటప్పుడు స్వెట్టర్ వేసుకుంటున్నావా అంది. సింగపూర్‌లో!"

సత్యవాణికి నవ్వాగలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. ఎక్కడో చలిదేశంలో అచ్చం తనలాంటిదే ఇంకొకావిడ. ఆవిడ అంతలా భయపడ్డా, కొడుకు ఇదిగో, నిక్షేపంలా కూర్చుని అన్నం తింటున్నాడు.

"రేపే ఆ బ్యాంకులో చెప్పెయ్యి" అంది కూతురితో.

"నిజంగానా? భయం పోయిందా?"

"అదెక్కడికి పోతుందే! దాని సంగతి నేను చూసుకుంటాను, నీ లెక్కలు నువ్వు చూసుకో. ముందు ఆయనకు పెరుగు వెయ్యి."