ముల్లర్ నిచ్చెన

నెకర్ ఏటి ఒడ్డున ముల్లర్ అంటే పిండిమర ఆడించేవాడని అర్థం. పూర్వం చేసే పనే పేరుగా అంటుకునేది. తాతకు అంటిన పేరు మనవడినీ వదల్లేదు. దాంతో పాటే అనుమానమూ అంటుకుంది. గింజలు పోసినవాడికి పిండి ఎప్పుడూ తక్కువగానే కనబడుతుంది, మరవాడు గిద్దెడు నొక్కేశాడంటాడు. అందుకని పెద్దలు కట్టడి చేశారు: ఉరి తీసే రోజున నిచ్చెన మరవాడే మోసుకురావాలి. దొంగకు దొంగే సాయం పట్టాలట, చూశారా న్యాయం! ఆ నిచ్చెన ముట్టినవాడికీ, వాడి పిల్లలకీ ఏ చేతిపని సంఘంలోనూ చోటు లేదు.

అందుకే మెల్కియోర్ ముల్లర్ తన ఒక్కగానొక్క కొడుకు ఎండ్రెస్‌కు పదేళ్ళ కిందటే ఇంటిపేరు మార్పించి పట్నం పంపాడు. వాడిప్పుడు మంచి సాలె. ఆదివారం నాడు సంఘంలో మేస్త్రీగా చేర్చుకుంటారు. ఎక్కడ కనబడినా తనను పలకరించవద్దని తండ్రే ఒట్టు వేయించుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే తలారి ఊట్స్ వచ్చి మర గుమ్మం బయటే ఆగాడు.

"ఏం మెల్కియోరూ, నిచ్చెన దించు. గుర్రాల దొంగ దొరికాడు."

"నడుం పట్టేసిందయ్యా. బండి మీద వేసుకొస్తా."

"భుజం మీదే తేవాలి, తెలీదా ఏంటి? పట్నం పట్నమంతా ఉరికొయ్య గుట్ట మీదే ఉంది. సాలెవాళ్ళయితే ముందు వరసే."

మెల్కియోర్ నిచ్చెన దించి భుజానికెత్తుకున్నాడు. ముందు వరసలో ఎండ్రెస్ కూడా ఉంటాడు.

గుట్ట సగం ఎక్కేసరికి మోకాలు మడతపడింది. నిచ్చెన వీపు మీద పడి నేలకు అదిమేసింది. ఊపిరాడటం లేదు. వందల మంది చూస్తున్నారు, ఒక్కరూ కదల్లేదు.

"లేవరా పిండి దొంగా!" ఎవరో నవ్వారు.

'దేవుడా, వాణ్ణి మాత్రం రానివ్వకు' అనుకున్నాడు మెల్కియోర్. అంతలోనే పక్కన అడుగుల చప్పుడు.

"ముట్టుకోకు! ఎవడివో నువ్వు, నాకు తెలీదు. ఫో!" అని అరిచాడు మెల్కియోర్.

"చాల్లే నాన్నా, లే. ముందు వైపు నేను పడతా."

సాలెసంఘం పెద్ద లేచి నిలబడ్డాడు. "ఎండ్రెస్! ఎవర్రా నీకు నాన్న? ఏంటి నీ ఇంటిపేరు?"

"ముల్లర్."

సాలెవాళ్ళందరూ వెనక్కి జరిగారు. మెల్కియోర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉరికొయ్య దాకా దారి ఖాళీ అయింది. తండ్రీ కొడుకులు నిచ్చెన ఎత్తుకుని నడిచారు.